మోటారు కాలితే తలరాత అనొద్దప్పా, తీగ వంపు కూడా చూడాల

బోరు మోటారు కాలిందంటే మనోళ్ళు ముగ్గురిని తిడతారు. మొదట లైన్‌మన్‌ని, తర్వాత మోటారు అమ్మినోణ్ణి, ఆఖరుకు తమ తలరాతని. నాలుగోది ఒకటుండాది, దాన్ని ఎవరూ తిట్టరు. ఎందుకంటే అది కంటికి కనపడదు. మోటారు లోపల తీగ వంగిన చోటు అది.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం. ఈ మూడు ఊర్లలో ఏ పక్కకు పోయినా రోడ్డు వారన ఒక వైండింగు అంగడి ఉంటాది. మనది ఏడాదంతా పారే ఏరు లేని సీమ. వాన పడితే చెరువు, లేకపోతే బోరు. వెయ్యి అడుగులు దాటిన బోర్లు మనకు వింత కాదు. అంత లోతులో చేయంత మందం మోటారు నీళ్ళలో మునిగి పని చేస్తా ఉంటాది. అది ఆగిన పొద్దు నుంచి పైన టమాట చెట్టు వాడిపోయేదానికి ఎక్కువ దినాలు పట్టవు. సర్కారు పగటిపూట 9 గంటలు ఉచిత కరెంటు అంటాది. కరెంటు ఉచితమే, కాలిన మోటారు మటుకు ఉచితం కాదు. పైపులు పైకి తీసే కూలి, వైండింగు ఖర్చు, మళ్ళా దించే కూలి, మధ్యలో ఎండిన మడి, అన్నీ రైతు నెత్తినే.

రైతుల కరెంటు గొడవల మీద తిరిగే మనిషిని నేను. కాలేజీ చదువు లేదు. వైండింగు అంగళ్ళలో బెంచీల మీద కూచుని, అడిగి, దొరికిన పుస్తకం తిరగేసి నేర్చుకున్నదే నా చదువు. ఆడ నాకు అర్థమైన సంగతి ఒకటే: సాపుగా ఉన్న తీగ వేరే, చుట్టిన తీగ వేరే. చుట్టేటప్పుడు తీగ ఆకారం మారతాది, గుణం మారతాది. ఆ మార్పును లెక్కలో పెట్టుకుని చుట్టిన మోటారు ఏండ్లు ఆడతాది. లెక్కలో పెట్టుకోకుండా చుట్టింది ఒక పంట కూడా దాటదు. ఇది ప్రతి రైతుకూ తెలియాల. తెలిస్తేనే అంగట్లో నిలబడి అడగగలడు.

కళ్ళంలో ఎద్దుల లెక్క

మన పెద్దోళ్ళు కళ్ళం నడిమి ఒక గుంజ పాతి, దానికి ఎద్దుల్ని వరసగా కట్టి నూర్పిడి చేసేవాళ్ళు. అందరూ ఒకే తాడుకు కట్టిన ఎద్దులే. గుంజ పక్కనుండే ఎద్దు నిమ్మళంగా నడిస్తే చాలు. బయటి ఎద్దు మటుకు అదే సమయంలో శానా దూరం నడవాల. అందుకే ముసలి ఎద్దును లోపల, దిట్టమైనదాన్ని బయట కట్టేవాళ్ళు.

తీగను కడ్డీ చుట్టూ తిప్పితే జరిగేదీ అదే. తీగకు లోపలి అంచు ఉంది, నడుము ఉంది, బయటి అంచు ఉంది. సాపుగా ఉన్నప్పుడు మూడింటి పొడుగూ ఒకటే. చుట్టినాక లోపలి అంచు తిరిగే వలయం చిన్నది, బయటి అంచు తిరిగే వలయం పెద్దది. తీగ కొత్తగా ఎక్కడి నుంచీ పొడుగు తెచ్చుకోలేదు. కాబట్టి బయటి అంచు సాగాల, లోపలి అంచు కుదించుకుపోవాల. నడిమి గీత ఒక్కటే పాత పొడుగులో మిగులుతాది.

లెక్క చూడండి. 1 మిల్లీమీటరు మందం తీగను 10 మిల్లీమీటర్ల కడ్డీకి చుట్టినామనుకోండి. ఒక్క చుట్టులో లోపలి అంచు పొడుగు 31.4 మిల్లీమీటర్లు, నడిమి గీత 34.6, బయటి అంచు 37.7. అంటే బయటి పక్క 9 శాతం సాగింది, లోపలి పక్క 9 శాతం నలిగింది. అదే తీగను 3 మిల్లీమీటర్ల కడ్డీకి చుట్టితే సాగేది 25 శాతం. వంపు ఎంత ఇరుకైతే సాగుడు అంత ఎక్కువ. లెక్క గుర్తు పెట్టుకునేది సులభం: తీగ మందాన్ని, కడ్డీ మందమూ తీగ మందమూ కలిపిన మొత్తంతో భాగించాల. అంతే.

కాల్చి మెత్తబరిచిన మంచి రాగి తీగ తెగకుండా 30 శాతం దాకా కూడా సాగగలదు. అందుకే ఇంత ఇరుకున వంచినా రాగి ఓర్చుకుంటాది. ఓర్చుకుంటాది గానీ మునుపటి రాగిగా ఉండదు.

ఆకారం ఎట్ల మారతాది

డ్రిప్పు పైపు తీసుకుని గట్టిగా వంచి చూడండి. గుండ్రటి పైపు వంపు దగ్గర చప్పిడి అవుతాది, లోపలి పక్క ముడత పడతాది. తీగ లోపల బోలుగా ఉండదు కాబట్టి అంత చప్పిడి కాదు. కానీ దారి అదే. సాగిన బయటి పక్క సన్నబడతాది, నలిగిన లోపలి పక్క ఉబ్బుతాది. గుండ్రటి తీగను వంపు దగ్గర కోసి చూస్తే కోడిగుడ్డు మాదిరి కనపడతాది, లావు భాగం లోపలికి, సన్న భాగం బయటికి.

పలకల తీగలో ఇది ఇంకా బాగా తెలుస్తాది. పొలాల దగ్గరుండే ట్రాన్స్‌ఫార్మర్లలో లావు కరెంటు మోసే కాయిల్‌కు కాగితం చుట్టిన పట్టీ తీగ వాడతారు. దాన్ని వంచినప్పుడు లోపలి అంచు లావెక్కి, బయటి అంచు సన్నబడి, అడ్డుకోత బండి చక్రంలో కట్టె ముక్క మాదిరి ఒక పక్క వెడల్పు, ఒక పక్క ఇరుకు అవుతాది. ఆ ఉబ్బిన అంచు పక్క చుట్టు కాగితాన్ని నొక్కుతాది. అందుకే పట్టీ తీగ మూలల్ని తయారీలోనే గుండ్రంగా నున్నగా చేస్తారు. కొసలు పదునుగా ఉంటే కాగితం చినిగేది ఆడే.

రెండో మార్పు లాగుడుతో వస్తాది. చుట్లు బిగువుగా కూచోవాలని వైండరు తీగను లాగి పట్టుకుంటాడు. లాగుడు మితి మీరితే వంపు సాగుడు మీద ఇది అదనం. తీగ మొత్తం 5 శాతం సాగిందనుకోండి. పొడుగు 5 శాతం పెరిగింది, రాగి అంతే కాబట్టి అడ్డుకోత దాదాపు అంతే తగ్గింది. రెండూ కలిసి తీగ కరెంటుకు ఇచ్చే అడ్డు 10 శాతం పెరుగుతాది. గేజి ప్లేటులో కొలిచి కొన్న తీగ, మోటారులోకి పోయేసరికి ఇంకో గేజిగా మారతాదన్నమాట.

మూడోది గట్టిపడటం. కట్టుబడి పనిలో కమ్మీలు కట్టే కట్టు కమ్మి చూసినారు గదా. ఒకసారి మెలి తిప్పితే బాగా వంగుతాది. అదే చోట నాలుగైదు సార్లు అటూ ఇటూ వంచితే పుటుక్కున తెగుతాది. ప్రతి వంపుకూ లోహం రొంత గట్టిపడి, రొంత పెళుసు అవుతాది. అందుకే తప్పు వంచి, సాపు చేసి, మళ్ళా వంచిన రాగి తీగ కొత్త తీగ కాదు. పాత మోటారులో తీసిన తీగను సాపు చేసి మళ్ళా వాడడం గూడా ఇందుకే తగదు.

నాలుగోది ఎగదన్నడం. చేయి వదలగానే తీగ రొంత వెనక్కి వస్తాది. ఉక్కు తీగకు ఈ పొగరు ఎక్కువ, అందుకే స్ప్రింగు చేసేవాళ్ళు కావలసిన దానికంటే సన్న కడ్డీకి చుట్టుతారు, వదిలినాక అది విచ్చుకుని సరైన కొలతకు వస్తాది. మెత్తటి రాగికి ఇది తక్కువ. కానీ లాగుడుతో, దెబ్బలతో గట్టిపడిన రాగి ఎగదన్నతాది. అప్పుడు కాయిల్ స్లాటులో సరిగ్గా కూచోదు, కూచోబెట్టాలని సుత్తి తీస్తారు, సుత్తి దెబ్బకు తీగ ఇంకా గట్టిపడతాది.

ఇంకొకటి మెలి. తీగ రీలును తిప్పుతా తీగను విడిపిస్తే మెలి పడదు. రీలును నేల మీద పండబెట్టి పై నుంచి లాగితే ఒక్కో చుట్టుకు ఒక్కో మెలి పడతాది. ఆవు మెడ పలుపు మాదిరి ముడులు పడి, ఆ ముడి లాగినప్పుడు ఇరుకు వంపు అవుతాది. పైన చెప్పిన 25 శాతం సాగుడు లెక్క గుర్తుంది గదా. మెలి ముడి దగ్గర దానికంటే ఎక్కువే.

రాగికి చొక్కా

ఇంతవరకూ రాగి సంగతి. అసలు ప్రాణం రాగిలో లేదు, దాని పైన ఉండే చొక్కాలో ఉండాది.

1825లో ఇంగ్లండులో విలియం స్టర్జన్ అనే ఆయన గుర్రపు లాడం ఆకారపు ఇనుముకు తీగ చుట్టి విద్యుదయస్కాంతం చేసి చూపినాడు. ఆయన తీగకు చొక్కా లేదు. ఇనుముకే వార్నిష్ పూసి, చుట్లు ఒకదానికొకటి తగలకుండా ఎడంగా చుట్టినాడు. అందుకే చుట్లు కొన్నే పట్టినాయి. అమెరికాలో జోసెఫ్ హెన్రీ ఇంకో దారి పట్టినాడు. తీగకే పట్టు చుట్టినాడు. అప్పుడు చుట్టు పక్కన చుట్టు ఆనించి, పొర మీద పొర వేసి, అయస్కాంతం బలం ఎన్నో రెట్లు పెంచినాడు. 1831లో మైకేల్ ఫారడే ఇనుప వలయానికి తీగలు చుట్టి విద్యుత్ ప్రేరణ కనిపెట్టినప్పుడు ఆయన వాడింది దారమూ నూలు గుడ్డా. మన నీరుగట్టువారిపల్లెలో మగ్గాల మీద పట్టు నేసే అన్నలకు ఇది తెలిస్తే సంతోషపడతారు: ప్రపంచంలో మొదటి గట్టి కాయిల్స్ కట్టుకున్నది పట్టు బట్టే.

ఇప్పుడు ఆ పట్టు స్థానంలో రెండు రకాలు. మామూలు మోటార్లకు, ఫ్యాన్లకు ఎనామిల్ తీగ. ఆ ఎనామిల్ పొర మందం వెంట్రుక మందంలో సగం ఉంటాదేమో. నీళ్ళు నింపే బోరు మోటార్లకు ప్లాస్టిక్ చొక్కా తీగ, ఎక్కువగా పీవీసీ.

కళ్ళంలో అందరికంటే బయట నడిచే ఎద్దు ఎవరో ఇప్పుడు చెప్పండి. ఈ చొక్కానే. రాగి బయటి అంచు ఎంత సాగితే దాని మీదుండే చొక్కా అంతకంటే ఎక్కువ సాగాల. నాసిరకం ఎనామిల్ అయితే వంపు బయటి పక్క సన్న పగుళ్ళు పడతాయి. కంటికి ఆనవు. పీవీసీ కొత్తప్పుడు బాగా సాగుతాది, కానీ ఏండ్ల తరబడి నిలవున్నది, ఎండకు పెట్టింది, వేడికి దెబ్బతిన్నది గట్టిబడి పగులుతాది. లాగుడులో స్లాటు అంచుకు గీరుకున్నది సన్నబడతాది.

పగులు పడినా మోటారు ఆ పొద్దే కాలదు. పగులు పక్కన ఇంకో పగులు తగిలిన దినం రెండు చుట్లు ఒకటవుతాయి. ఆ ఒక్క చుట్టు తనకు తానే మూసుకున్న ఉంగరం అవుతాది. మోటారు లోపలి అయస్కాంత శక్తి ఆ ఉంగరంలో లావు కరెంటును పుట్టిస్తాది. అది కాగి, పక్క చుట్టు చొక్కాను కరిగించి, అది ఇంకో దానికి అంటించి, గంటల్లో కాయిల్ అంతా బొగ్గు. బయట నుండే రైతుకు కనపడేది స్టార్టర్ ఎగిరిపోవడం ఒక్కటే.

రెండు చేతుల పని

బోరు మోటారు వైండింగు ఎట్ల చేస్తారో చూసినారా? మామూలు మోటారుకు ఫర్మా మీద కాయిల్ ముందే చుట్టి స్లాటులో దించుతారు. నీళ్ళ మోటారు సన్నగా, పొడుగ్గా ఉంటాది, స్లాటు నోరు శానా ఇరుకు, కొన్నిటికి మూసే ఉంటాది. అందుకే తీగను సూదిలో దారం మాదిరి ఒక కొస నుంచి దూర్చి ఇంకో కొస నుంచి లాగాల. స్టేటరుకు ఆ పక్క ఒకరు, ఈ పక్క ఒకరు. ఒకరు దూర్చితే ఇంకొకరు లాగతారు, మళ్ళా వెనక్కి. మొదటి చుట్టుకు కాయిల్‌కు కావలసిన తీగంతా ఆ ఇరుకు సందులో పోవాల. అంత పొడుగూ రాసుకుంటా పోతాది. స్లాటు బయటికి వచ్చిన చోట తీగ దాదాపు మూల తిరిగినట్టు వంగుతాది. మోటారు మొత్తంలో వంపు, లాగుడు, రాపిడి మూడూ కలిసేది ఆ చోటే. కాలిన మోటార్లలో నల్లబడింది మొదట ఆడ వెతకండి.

మంచి వైండర్లు దీన్ని పుస్తకం చదవకుండానే తెలుసుకున్నారు. పుంగనూరు దావలో ఒక అంగట్లో ఒకాయన నాకు చెప్పినాడు: "అన్నా, తీగను లాగొద్దు, పిలవాల. పిలిస్తే వస్తాది, లాగితే ఏడుస్తాది." ఆయన స్లాటు నోటికాడ లైనరు కాగితం రొంత బయటికి మడిచి పెడతాడు, అంచు తగలకుండా. మూల దగ్గర తీగను బొటనవేలితో గుండ్రంగా తిప్పుతాడు, సుత్తి తాకనీయడు. లావు తీగ దొరికినా కొన్ని మోటార్లకు రెండు సన్న తీగలు జంటగా వేస్తాడు. దాంట్లో లెక్కుండాది: 1 మిల్లీమీటరు తీగ మోసే కరెంటును 0.71 మిల్లీమీటరు తీగలు రెండు మోస్తాయి, అడ్డుకోత మొత్తం దాదాపు అంతే. కానీ 10 మిల్లీమీటర్ల వంపులో సాగుడు 9 శాతం నుంచి 6.6 శాతానికి దిగుతాది. సన్న తీగకు ఇరుకు వంపు బరువనిపించదు.

దీన్ని తిరగేసి చూస్తే అల్యూమినియం తీగ మోసం తెలుస్తాది. రాగి మోసినంత కరెంటు మోయాలంటే అల్యూమినియానికి 1.6 రెట్ల అడ్డుకోత కావాల. లావు తీగ అయితే వంపులో ఎక్కువ సాగుడు. స్లాటులో చోటు చాలక సన్నదే దూర్చితే ఎక్కువ వేడి. ధర తక్కువ అని ఎవరైనా అంటగడితే ఈ లెక్క అడగండి.

వోల్టేజీ తప్పు తీగ మీదికి

ఇంత చెప్పి తప్పంతా వైండరు మీదికి తోస్తా ఉండానని అనుకోవద్దు. వంపులో సన్నబడిన చొక్కా కూడా వేడి తక్కువుంటే ఏండ్లు బతుకుతాది. వేడి పెంచేది ఎవరు?

మూడు ఫేజుల మోటారుకు 415 వోల్టులు రావాల. 1956 నాటి భారత విద్యుత్ నిబంధనల్లోనే లో వోల్టేజీ సరఫరాలో తేడా 6 శాతం దాటకూడదని రాసినారు. 6 శాతం తగ్గితే 390. మీ స్టార్టర్ పెట్టెలో వోల్ట్ మీటరు ఉంటే ఈ పొద్దు మధ్యాహ్నం చూడండి, ఎంత చూపిస్తాదో. అదే బరువు లాగే మోటారుకు వోల్టేజీ 10 శాతం తగ్గితే కరెంటు సుమారు 11 శాతం పెరుగుతాది. తీగలో వేడి కరెంటు వర్గంతో పెరుగుతాది కాబట్టి అది 23 శాతం దగ్గర ఎక్కువ. రాగి 50 డిగ్రీలు ఎక్కువ కాగితే దాని అడ్డు ఇంకో 20 శాతం పెరుగుతాది, వేడి వేడిని పెంచుతాది. చొక్కా ఓర్చుకునే హద్దు మీద ప్రతి 10 డిగ్రీలకు దాని ఆయుష్షు సగమవుతాదని ఇంజనీర్లు వాడే మోటు లెక్క. ఒక ఫేజు పోయి రెండు ఫేజుల మీద ఆడితే ఇంక చెప్పే పని లేదు.

అంటే వైండరు బొటనవేలి కింద మొదలైన పగులును ట్రాన్స్‌ఫార్మర్ మీది అధిక లోడు పూర్తి చేస్తాది. ఎవరి వాటా ఎంతో తేల్చేదానికి మన దగ్గర కాగితం ఒకటీ ఉండదు. అంగడివాడు "లో వోల్టేజీ" అంటాడు, లైన్‌మన్ "వైండింగు సరిగ్గా లేదు" అంటాడు. ఇద్దరి మాటా కొంత నిజమే, కానీ రెండు నిజాల నడుమ డబ్బు కట్టేది రైతు ఒక్కడే. కుప్పం పక్క పల్లెలకు కరెంటు పంచింది సహకార సంఘంగా పుట్టిన రెస్కో. సొంత సంఘం నడిపిన నేలలో రైతులకు లెక్క అడిగే హక్కును ఎవరూ కొత్తగా నేర్పాల్సిన పని లేదు.

ఏం అడగాల

వైండింగుకు ఇచ్చేటప్పుడు ఈ నాలుగు అడగండి.

ఒకటి, తీగ మీద ఐఎస్ఐ మార్కు చూపించమనండి. నీళ్ళ మోటారు తీగకు ఐఎస్ 8783, ఎనామిల్ తీగలకు ఐఎస్ 13730 అని ప్రమాణాలుండాయి.

రెండు, అడుగు తీగ కోయించి, తీగకు మూడు రెట్లుండే నున్నటి కడ్డీకి పది చుట్లు దగ్గరదగ్గరగా చుట్టి చూడండి. ప్రయోగశాలల్లో కూడా తీగను కడ్డీకి చుట్టే పరీక్షిస్తారు. ఫోను కెమెరాను పెద్దది చేసి బయటి అంచు చూస్తే పగులు, తెల్లబారడం, పొట్టు లేవడం తెలుస్తాయి. బాగుంటే పూర్తి భరోసా అని కాదు, బాగలేకపోతే మటుకు ఆ తీగ వద్దు.

మూడు, చుట్టినాక స్టేటరును ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టి మెగ్గర్ పెట్టమనండి. ఎండలో పెట్టి ఎండిన మోటారుకు రీడింగు బాగానే చూపిస్తాది. బోరులో అది ఉండేది నీళ్ళలో గదా.

నాలుగు, బిల్లు మీద తీగ గేజి, చుట్ల లెక్క, మెగ్గర్ రీడింగు రాయించుకోండి. మళ్ళా కాలిన పొద్దు మాట్లాడేది ఆ కాగితమే.

సర్కారును అడగాల్సింది వేరే ఉండాది. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు రెండేండ్లు నేర్పుతారు, దాంట్లో వైండింగు పాఠమూ ఉంది. కానీ మన అంగళ్ళలో చేతులు పెట్టేది చిన్నప్పుడే పనిలో చేరి చూసి నేర్చుకున్న పిల్లోళ్ళు. వార్నిష్ వాసన పీల్చేది వాళ్ళు, కాలిన పీవీసీ తీసేది వాళ్ళు, రైతు తిట్టు తినేది వాళ్ళు. వాళ్ళను ఐటీఐకి పిలిచి నెల దినాలు నేర్పి, చేతి పనికి సర్టిఫికెట్ ఇవ్వాల. పని మానుకుని వచ్చిన దినాలకు కూలి కూడా కట్టివ్వాల. కరెంటోళ్ళు ప్రతి పల్లె ట్రాన్స్‌ఫార్మర్ కాడ వోల్టేజీ రాసిపెట్టి రైతులకు చూపించాల. మోటారు కాలినప్పుడు ఆ రాతా, అంగడి బిల్లూ పక్కపక్కన పెట్టి చూస్తే తప్పెవరిదో తేలతాది.

మీ ఊర్లో ఈ నెల ఎన్ని మోటార్లు కాలినాయో, ఏ ట్రాన్స్‌ఫార్మర్ కింద కాలినాయో, ఎక్కడ చుట్టించినారో ఒక నోటు పుస్తకంలో రాయడం మొదలుపెట్టండి. పది ఊర్ల పుస్తకాలు చేతికొస్తే వాటిని పట్టుకుని కరెంటు ఆఫీసుకు పోయేదానికి నేను కూడా మీతో వస్తాను.